రాయికీ ఒక చిరునామా

పల్నాడు మట్టిలోంచి బయటపడిందని చెప్పుకునే రాళ్లలో కోహినూరుకున్న పేరు మరి దేనికీ లేదు. కృష్ణ ఒడ్డున, కొల్లూరు గనిలో దొరికిందని బడిపిల్లలు కూడా ఠక్కున చెబుతారు. ఆ మాటకు రాతలో ఆధారం మాత్రం లేదు. కోహినూరు ప్రస్తావన అనుమానానికి తావులేకుండా కనిపించేది 18వ శతాబ్దం నడిమిలో, నాదిర్ షా ఢిల్లీని దోచుకుపోయాక పర్షియన్ చరిత్రకారుడు మహమ్మద్ కాజిం మార్వీ రాసిన గ్రంథంలో. 1849లో వజ్రం ఇంగ్లిషువాళ్ల చేతికి చిక్కాక, దాని పూర్వకథ రాబట్టే పనిని గవర్నర్ జనరల్ డల్హౌసీ ఢిల్లీలోని థియో మెట్‌కాఫ్ అనే కుర్ర అధికారికి అప్పగించాడు. నగల వర్తకుల నోట విన్న బజారు కబుర్లే అతనికి దొరికాయి. ఇవాళ మనం చెప్పుకునే కథలో చాలా భాగానికి మూలం ఆ కబుర్లే.

కొల్లూరు గని మాత్రం కట్టుకథ కాదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో స్వయంగా వచ్చి చూశాడు. 60 వేల మంది పనిచేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తున్నారని 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఇప్పుడు ఆ ప్రాంతం పులిచింతల జలాశయం ముంపులో ఉంది. అంతమంది చేతులు పడిన గనిలో ‘ఈ రాయి ఫలానా గుంటలో, ఇన్ని మూరల లోతున, ఫలానా రోజున దొరికింది’ అని రాసి రాయితో పాటు పంపిన చీటీ ఒక్కటీ మనదాకా రాలేదు. ఈ అధ్యాయం అలాంటి చీటీ గురించి. సెలవు రోజున ఎండలో నడిచి, పైసా జీతం లేకుండా ఆ చీటీలు రాసే మనుషుల గురించి కూడా.

సుత్తి పట్టిన సామాన్యులు

భూశాస్త్రం చదవని వాళ్లకు కూడా రాళ్ల మీద మక్కువ ఉంటుంది. అలాంటి వాళ్లకూ చోటు ఉండాలన్న తలంపుతో 1858లో లండన్‌లో జియాలజిస్ట్స్ అసోసియేషన్ పుట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో ఊరూరా రాళ్ల క్లబ్బులు ఉన్నాయి. వాటి ప్రాంతీయ సమాఖ్యలన్నీ కలిసి 1947లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మినరలాజికల్ సొసైటీస్‌గా ఏర్పడ్డాయి. ఈ క్లబ్బుల జీవితం దాదాపు అంతటా ఒకే తీరున సాగుతుంది. నెలకో సాయంత్రం సమావేశం, అందులో ఒకరి ప్రసంగం, ఆపైన సభ్యులు తెచ్చిన రాళ్లను బల్ల మీద పరిచి చర్చించుకోవడం. వీలున్న ఆదివారం క్వారీకో, వాగుకో ప్రయాణం. వర్క్‌షాపులో రాళ్లు కోసి నునుపు చేయడం. ఏడాదికోసారి ప్రదర్శన. చిన్నపిల్లలను వాళ్లు ముద్దుగా ‘పెబుల్ పప్స్’ అంటారు. ఖనిజాలను గుర్తుపట్టడం, సేకరణను సర్దుకోవడం వంటి పనులు నేర్చుకున్న పిల్లలకు బ్యాడ్జీలు ఇస్తారు.

పైకి కనిపించేది ఇదంతా. క్లబ్బును నిలబెట్టేది దీని వెనక జరిగే చాకిరీ. క్వారీ యజమానికి ఉత్తరం రాసి అనుమతి తెచ్చేది ఒకరు. బండ్లు మాట్లాడేది, ఎవరెవరు వచ్చారో జాబితా రాసేది, తిరుగు ప్రయాణంలో ఆ జాబితా ప్రకారం తలలు లెక్కపెట్టేది మరొకరు. ప్రదర్శన నాడు తెల్లవారకముందే బల్లలు వేసేవాళ్లూ, రాత్రి ఊడ్చి తాళం వేసేవాళ్లూ వేరే. వీటన్నిటికన్నా కష్టమైన పని ఒకటుంది. పాత సభ్యుడు కన్నుమూస్తే ఆయన నలభై ఏళ్లు పోగేసిన రాళ్ల పెట్టెలను ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు తెలియదు. వాలంటీర్లు వెళ్లి ఒక్కొక్క డబ్బా విప్పి చూడాలి. చీటీ ఉన్న రాళ్లు మ్యూజియానికో, కాలేజీకో చేరతాయి. చీటీ లేనివి, ఎంత అందంగా ఉన్నా, తోటలో పూలకుండీల పక్కన అలంకారంగా మిగులుతాయి.

మన తెలుగు నేల మీద ఈ తరహా అభిరుచి సంఘాలు అరుదు. ఉన్నవాటిలో పేరున్నది హైదరాబాదులోని సొసైటీ టు సేవ్ రాక్స్. నగరంలోని గ్రానైట్ గుట్టలు రోజురోజుకీ కంకరగా మారిపోతుంటే చూడలేక కళాకారులు, ఫోటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు 1996లో దాన్ని ఏర్పాటు చేశారు. నగర చరిత్రకారుడు, ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్, జర్మనీ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ దానికి ముందుండి పనిచేశారు. వాళ్ల ‘రాక్ వాక్’లలో ఎవరూ సుత్తి పట్టరు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న బండల మధ్య నడుస్తారు, ఫోటోలు తీస్తారు, ఎక్కడ ఏ గుట్ట మిగిలిందో నమోదు చేస్తారు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, హైదరాబాద్ యూనివర్సిటీ ఆవరణలోని పుట్టగొడుగు బండ, మౌలాలి దగ్గరి బండ వంటివి వారసత్వ రక్షణ జాబితాకు ఎక్కాయంటే దాని వెనక ఇలాంటి నడకలు, నమోదులు, అర్జీలు ఉన్నాయి. ‘అక్కడెక్కడో మంచి బండ ఒకటుంది’ అంటే ఏ అధికారీ కదలడు. పేరు, చోటు, ఫోటో చేతిలో పెడితేనే ఫైలు ముందుకు నడుస్తుంది.

పిడుగురాళ్లలో ఒక ఆదివారం

ఇలాంటి సంఘమే పల్నాడులోని పిడుగురాళ్లలో పెట్టుకుంటే చూడటానికి ఏముందని అడగొచ్చు. సున్నపు బట్టీలు, క్వారీలు, తెల్లటి దుమ్ము తప్ప ఏముంది అనేది ఊళ్లో వాళ్ల మాటే. ఆ దుమ్ము దగ్గరే మొదలుపెడదాం.

ఇక్కడి సున్నపురాయిని భూశాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లో సమగ్ర గ్రంథం వెలువరించిన విలియం కింగ్ కాలం నుంచీ కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే దీనికి స్థిరపడింది. లోతు తక్కువ సముద్రంలో సన్నటి సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడి ఈ రాయి అయింది. వయసు ఇదమిత్థమని తేలలేదు. వంద కోట్ల ఏళ్లకు అటో ఇటో అన్న వాదన నడుస్తోంది. ఎటు తేలినా ఒక సంగతి మాత్రం మారదు. గవ్వలు, చిప్పలు ఉన్న జీవులు భూమ్మీద విరివిగా పుట్టుకొచ్చింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటే. సున్నపురాయి అంటే గవ్వలు పేరుకుని ఏర్పడిందని పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లవాడు పిడుగురాళ్ల క్వారీలో పొద్దంతా వెతికినా ఒక్క గవ్వ దొరకదు. గవ్వ అనేది ఉనికిలోకి రాకముందే ఈ రాయి గట్టిపడింది. ‘వెతికాం, దొరకలేదు’ అన్న మాటను కూడా సంఘం నోటుపుస్తకంలో రాసుకోవాల్సిందే.

రాయిని గుర్తుపట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పదింతలు పెద్దగా చూపే చేతి భూతద్దం, ఇనుప మేకు, డ్రాపరు సీసాలో పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. ఆమ్లం సీసా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. సున్నపురాయి మీద ఒక్క చుక్క పడగానే బుసబుస నురగ లేస్తుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. డోలమైట్ మీద వేస్తే అంత త్వరగా నురగ రాదు. మేకుతో గీకి పొడి చేసి ఆ పొడి మీద వేస్తే మెల్లగా వస్తుంది. పలుగురాయి అసలు పలకదు. గట్టిదనానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో కట్టిన పది మెట్ల కొలత ఇప్పటికీ పనికొస్తుంది. బలపపురాయి మొదటి మెట్టు, సున్నపురాయిలోని కాల్సైట్ మూడోది, పలుగురాయి ఏడోది, వజ్రం పదోది. మన గోరు రెండున్నర దగ్గర ఆగుతుంది. ఇనుప మేకు కాల్సైట్‌ను గీస్తుంది, పలుగురాయిని గీయలేదు.

అదే నురగను బట్టీలో మరో రూపంలో చూడొచ్చు. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే అందులో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. ఇది కాక బొగ్గు మండి వదిలే వాయువు వేరే. కాల్చిన సున్నం మీద నీళ్లు చల్లితే కుతకుతలాడుతూ వేడెక్కి విచ్చుకుంటుంది. బట్టీ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి రాయి సరిగా కాలిందో లేదో తూకం తేడాతోనూ, తడిపినప్పుడు విచ్చుకునే తీరుతోనూ చెప్పేస్తాడు. సంఘంలో మొదటి ప్రసంగం ఆయన చేత ఇప్పించాలి.

నాపరాతి పలక దగ్గర ఇంకాస్త సేపు ఆగాలి. అరుగుల మీదా, ఇంటి నేల మీదా రోజూ తొక్కే సున్నపురాయే ఇది. పలకను పక్కకు తిప్పి అంచును భూతద్దంతో చూస్తే పొరలు కనిపిస్తాయి. ఒక పొర లేత బూడిదరంగు, పక్కది ముదురు. పలక చీలేది ఈ పొరల మధ్యే. సున్నపురాతిలో అక్కడక్కడా ఈసీజీ కాగితం మీద గీతలా ఎగుడుదిగుడుగా పోయే నల్లటి సన్నని రేఖ ఒకటి ఉంటుంది. దాన్ని స్టైలోలైట్ అంటారు. పైనున్న రాళ్ల బరువుకు ఆ వరుసలో సున్నం కరిగిపోయింది. కరగని బంకమన్ను మాత్రం గీతగా మిగిలింది. చీల్చిన ముఖం మీద ఒక్కోసారి నల్లటి చిన్న చెట్టు అచ్చుగుద్దినట్టు ఉంటుంది. చూడగానే ఎవరైనా ఆకు శిలాజమనే అంటారు. నిజానికి అది చెట్టు కాదు. పగులులోకి దిగిన నీరు వదిలిన మాంగనీస్ ఆక్సైడ్ అలా కొమ్మలుగా పాకింది. డెండ్రైట్ అనే ఈ బొమ్మను ఒక్కసారి చూపిస్తే పిల్లలు ఇక ఎన్నటికీ దాన్ని ఆకు అనరు.

అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. ఇంగ్లిషువాళ్లు దానికి ‘పల్నాడ్ మార్బుల్’ అని పేరు పెట్టారు. పాలరాయి కావాలంటే సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మళ్లీ స్ఫటికీకరణ చెందాలి. ఈ రాయికి అది జరగలేదు. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు వెళ్లేముందు క్వారీలో రాయిని చూసి వెళ్లిన వాళ్లకు శిల్పి ఏ పొరను ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో ఊహించే వీలుంటుంది.

పిడుగురాళ్ల మండలంలోనే గుత్తికొండ బిలం ఉంది. పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఆ బిలంలోకి వెళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. శాస్త్రం దృష్టిలో అది నీరు తొలిచిన గుహ. వాన నీటిలో గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి బలహీనమైన ఆమ్లమవుతుంది. అది సున్నపురాతి పగుళ్లలోకి దిగి వేల ఏళ్లపాటు కరిగిస్తూ పోతుంది. బట్టీ గంటల్లో చేసే పనికీ దీనికీ చుట్టరికం ఉంది. రెండు చోట్లా రాయినీ ఆ వాయువునూ కలిపిన బంధమే మారుతోంది. గుహలో సంఘానికి ఒకటే నియమం: ఏదీ తీయకూడదు, వేలాడే సున్నపు ఊడలుంటే చేత్తో తాకకూడదు.

చీటీ రాసే పద్ధతి

రాయి కంటపడగానే జేబులో వేసుకునే అలవాటును ముందు మాన్పించాలి. మొదట ఫోటో, పక్కన కొలత కోసం పెన్నో నాణెమో పెట్టి. తర్వాత ఫోన్లో అక్షాంశం, రేఖాంశం. దశాంశం తర్వాత ఐదు అంకెలు రాసుకుంటే చోటు సుమారు ఒక మీటరు మేరకు వస్తుంది, ఫోన్ అంత కచ్చితంగా చూపగలిగితే. ఆపైన అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రాయి తన పొరలోనే ఉందా, ఎక్కడినుంచో దొర్లివచ్చిందా? గోడలోంచి తీసిందైతే కింది నుంచి ఎన్నో పొరో రాసి, పై వైపు ఏదో తెలిసేలా రాయి మీదే బాణం గుర్తు వేయాలి. దొర్లివచ్చిందైతే ఆ మాటే రాయాలి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంటికొచ్చాక బ్రష్షుతో కడిగి ఆరబెట్టాలి. రాయి మీద కనబడని మూల చూసి చిటికెన వేలి గోరంత తెల్ల పెయింటు చుక్క పెట్టి, అది ఆరాక నల్ల ఇంకుతో సంఖ్య వేసి, పైన పారదర్శకమైన వార్నిష్ పూయాలి. కాగితం చీటీ ఊడిపోయినా సంఖ్య పోదు. అదే సంఖ్యతో రిజిస్టరులో వరుసగా రాయాలి: చోటు, తేదీ, పొర, చేసిన పరీక్షలు, వాటి ఫలితాలు, అవి చూశాక మనం అనుకుంటున్న పేరు. రాయి పేరును చివర రాయడానికి కారణం ఉంది. పేరు రేపు మారొచ్చు. చోటు, తేదీ మారవు. దొరికించిన వారి పేరుకు ఒక గడి తప్పనిసరి. క్వారీలో పనిచేసే కూలీ చూపించి ఉంటే అక్కడ ఆ కూలీ పేరే రాయాలి.

తొలకరి తర్వాత వజ్రాలు

ఏటా జూన్‌లో తొలకరి పడగానే రాయలసీమలోని తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలలో జనం వజ్రాల కోసం తల వంచుకుని నడుస్తారు. దూరపు ఊళ్ల నుంచి కుటుంబాలతో వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. ఒకరికి దొరికిందన్న వార్త పత్రికలో వస్తే మర్నాటికి జనం రెట్టింపు. వెతికే కళ్లకు, ఓపికకు ఇక్కడ కొదవ లేదు. రాళ్ల సంఘానికి కావాల్సిన గుణాలు అవే. తేడా వచ్చేది రాయి దొరికాకనే. దొరికినవాడు చోటు చెప్పడు. వ్యాపారి ధర తగ్గిస్తాడని, పక్కవాడు వచ్చి పడతాడని, చట్టం అడ్డొస్తుందని భయం. ఆ భయంలో కొంత నిజమే. లైసెన్సు లేకుండా ఖనిజం తవ్వి అమ్ముకోవడాన్ని 1957 నాటి గనుల చట్టం ఒప్పుకోదు.

శాస్త్రానికి ఈ దాపరికం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వజ్రం పుట్టేది భూమికి నూటయాభై కిలోమీటర్లకు పైబడిన లోతులో. కింబర్లైట్, లాంప్రొయిట్ అనే అరుదైన శిలాద్రవం గొట్టంలాంటి దారిలో దాన్ని పైకి తెస్తుంది. తర్వాత వాగులు దాన్ని దూరాలకు మోసుకుపోతాయి. గొట్టాన్ని పట్టుకోవాలంటే గార్నెట్, ఇల్మనైట్ వంటి తోడు ఖనిజాలు ఏ వాగులో ఎక్కడ దొరికాయో పటం మీద చుక్కలు పెట్టుకుంటూ ఎగువకు నడవాలి. వజ్రకరూరు దగ్గర కింబర్లైట్ గొట్టాలు బయటపడ్డాయి. కొల్లూరు గులకలోని వజ్రాలు ఏ గొట్టం నుంచి కొట్టుకొచ్చాయన్నది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది. పటం మీద పెట్టుకోవాల్సిన చుక్కలు తరతరాలుగా జేబుల్లోనే ఉండిపోయాయి.

వజ్రమో కాదో చూడటానికి సుత్తితో కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమైన వజ్రమైతే పగలదని నమ్మకం. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రంలో సులువుగా చీలే తలాలు ఉన్నాయి, ఒక్క దెబ్బకు ముక్కలవుతుంది. అంతకన్నా మంచి పరీక్ష కాటాతో చేయొచ్చు. రాయిని గాలిలో తూచి, దారం కట్టి నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచాలి. గాలిలో 53 గ్రాములు, నీళ్లలో 33 గ్రాములు తూగితే తగ్గింది 20 గ్రాములు. 53ను 20తో భాగిస్తే 2.65. అది పలుగురాయి. వజ్రానికైతే 3.5 రావాలి. ఆదివారాల్లో సంఘం ఇలాంటి కాటా ఒకటి పెట్టుకుని కూర్చుంటే ఎంతోమంది మెరిసే పలుగురాళ్లను పట్టుకుని మోసపోకుండా ఉంటారు.

తప్పు దిద్దుకునే వీలు

1956లో ఇంగ్లండులోని చార్న్‌వుడ్ అడవిలో టీనా నీగస్ అనే పదిహేనేళ్ల అమ్మాయి ఒక బండ మీద ఫెర్న్ ఆకులాంటి ముద్రను చూసింది. బడిలో టీచరుకు చెబితే, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవని కొట్టిపారేశారు. మరుసటి ఏడాది రోజర్ మేసన్ అనే కుర్రవాడు స్నేహితులతో బండలెక్కుతూ అదే ముద్రను చూశాడు. దాన్ని కాగితం మీద రుద్ది అచ్చు తీసుకున్నాడు. ఆ కబురు లెస్టర్ యూనివర్సిటీలోని ట్రెవర్ ఫోర్డ్‌కు చేరింది. ఆయన వచ్చి బండ చూసి 1958లో దాన్ని ‘చార్నియా మేసొని’ పేరుతో ప్రకటించారు. సుమారు 56 కోట్ల ఏళ్ల నాటి ఆ జీవి, అంత పాత రాళ్లలో కంటికి కనిపించే ప్రాణి ఉండదన్న నమ్మకాన్ని చెరిపేసింది. ఆ అమ్మాయి చూసింది కూడా అదేనని లోకం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

దీనికి ఎదురు కథ మన దేశంలోనే ఉంది. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బెట్కా గుహ పైకప్పు మీద డికిన్సోనియా అనే ప్రాచీన జీవి శిలాజం దొరికిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ప్రపంచమంతా వార్త అయింది. మరో బృందం అదే గుహకు, అదే పైకప్పు దగ్గరకు వెళ్లి చూసింది. అది శిథిలమైన పెరతేనె పట్టు అని 2023లో తేల్చింది. తప్పు రెండేళ్లలో బయటపడటానికి కారణం చోటు స్పష్టంగా రాసి ఉండటమే. రెండో మనిషి వెళ్లి చూసుకునే వీలు లేకపోతే నిజాన్ని రుజువు చేయలేం, అబద్ధాన్ని తేల్చలేం.

దూరంగా ఉండాల్సిన చోట్లు

టైగర్ రిజర్వు అడవిలో రాయి కదపకూడదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల గులకరాయి కూడా తీయకూడదు. కృష్ణ లోయలో ఆదిమానవుల రాతి పనిముట్లు బయటపడిన చోట్లు ఉన్నాయి. చేత చెక్కినట్టున్న రాయి కనిపిస్తే ఫోటో తీసి, చోటు రాసుకుని, అక్కడే వదిలి మ్యూజియానికి కబురు చేయాలి. క్వారీలో బ్లాస్టింగ్ వేళలు ముందే కనుక్కోవాలి. గోడ కింద నిలబడకూడదు, హెల్మెట్ లేకుండా దిగకూడదు. పలుగురాయి, అకీకు వంటివి కోసేటప్పుడు నీళ్లు పడుతూ ఉండాలి. పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కనే ఉన్న మనకు వేసవి నడకలు వద్దని వేరే చెప్పనక్కర్లేదు. దీపావళి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

మొదటి ఏడాది

మొదలుపెట్టడానికి ఐదారుగురు చాలు. ఒక సైన్సు మాస్టారు, క్వారీలో పనిచేసే ఒకరిద్దరు, నాపరాయి పాలిషింగ్ తెలిసినవారు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. 1988 నుంచి పనిచేస్తున్న జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల తోడు దొరికితే బడులకు దారి తేలిక. ఏ పొర నున్నగా చీలుతుందో, ఏది చిట్లుతుందో క్వారీ మనుషుల చేతి వేళ్లకు తెలుసు. ఆ పొర అలా ఎందుకు చీలుతుందో మాస్టారికి తెలుసు. వాళ్లిద్దరూ ఒక రిజిస్టరు ముందు కూర్చుంటే సంఘం మొదలైనట్టే.

లక్ష్యం చిన్నదిగా పెట్టుకోవాలి. ఏడాది చివరికి మండలంలో ఒక్క ఉన్నత పాఠశాలకు ఇరవై రాళ్ల పెట్టె: నాపరాయి, సున్నపురాయి, కాల్చిన సున్నం, డోలమైట్, పలుగురాయి, డెండ్రైట్ ఉన్న పలక, వినుకొండ వైపు బండ్లమోటు ప్రాంతం నుంచి సీసపు ఖనిజం దొరికితే అదీ. ప్రతి రాయికీ సంఖ్య, ప్రతి సంఖ్యకూ చీటీ, రిజిస్టరు నకలు ఒకటి. పెట్టెతో పాటు భూతద్దం, మేకు కూడా ఇచ్చి, చీటీలో రాసింది సరిగా ఉందో లేదో పరీక్షించమని పిల్లలకే అప్పగించాలి. మనం డోలమైట్ అని రాసింది సున్నపురాయని ఎనిమిదో తరగతి పిల్ల ఎవరైనా తేల్చితే, రిజిస్టరులో పాత పేరు చెరపకుండా దాని కింద కొత్త పేరు, తేదీ, ఆ పిల్ల పేరు రాయాలి.